రైలు కట్ట పక్కన గడిచిన బాల్యం

ప్రశ్న: పనుల కోసం పల్నాడు నుంచి విజయవాడకు వలస వచ్చిన అమ్మానాన్నలతో 1970ల్లో సత్యనారాయణపురం రైలు కట్ట పక్కన, కూలీల వసతి గృహంలో పెరిగాను. ఇప్పుడు వెళ్తే ఆ చోటును పోల్చుకోగలనా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: గుడివాడ వైపు రైళ్లు నడిచిన ఆ కట్టే మీకు ఆనవాలు. పట్టాలు తీసేసి ఆ దారిలోనే బీఆర్‌టీఎస్ (బస్సుల వేగ రవాణా వ్యవస్థ) రోడ్డు వేశారు కనుక, దాని వెంట నడుస్తూ, చిన్నప్పుడు మీరు గేటు పడితే ఆగిపోయిన అడ్డ వీధి ఏదో ముందు గుర్తుపట్టండి. వసతి గృహం నిలిచి ఉంటుందని మాత్రం ఆశపడకండి. స్థలం ధర పెరిగిన చోట రేకుల గదులను ఎవరుంచుతారు? అంతకన్నా, మీరు చదివిన బడిలో ప్రవేశాల రిజిస్టరు చూపించమని అడగండి. మీ నాన్నగారి పేరు పక్కన నాటి చిరునామా దొరికినా దొరకవచ్చు. ఆ కాగితం చేతపట్టుకుని వీధిలోని కిళ్లీకొట్ల దగ్గర పెద్దవారిని విచారించండి.