సమాధానం: ప్రోటాన్ సర్పిల మార్గంలో వ్యాసార్థం, పిచ్ ఎందుకు తప్పు వస్తున్నాయి

మీ లెక్క చూశానండి. 0.2 టెస్లా అయస్కాంత క్షేత్రంలోకి సెకనుకు 2 లక్షల మీటర్ల వేగంతో, క్షేత్ర దిశకు 30 డిగ్రీల కోణంలో వచ్చిన ప్రోటాన్. మీకు వ్యాసార్థం 1.04 సెం.మీ., పిచ్ (ఒక చుట్టు పూర్తయ్యేలోగా ముందుకు జరిగిన దూరం) 6.6 సెం.మీ. వచ్చాయి. సూత్రాలు సరైనవే, కానీ రెండు చోట్లా మొత్తం వేగాన్నే వేశారు. ముందు వేగాన్ని రెండుగా విడదీయాలి.

క్షేత్రానికి లంబంగా ఉన్న భాగం (సైన్ 30తో) 1 లక్ష. ప్రోటాన్‌ను గుండ్రంగా తిప్పేది ఇదొక్కటే. దీన్ని ద్రవ్యరాశితో గుణించి, ఆవేశం, క్షేత్రాల లబ్ధంతో భాగిస్తే వ్యాసార్థం 0.52 సెం.మీ. సమాంతర భాగం (కాస్ 30తో) 1.73 లక్షలు. దాని మీద అయస్కాంత బలం అసలు పనిచేయదు. ప్రోటాన్ ముందుకు ఎందుకు పోతోందని అడిగారు కదా, కారణం ఇదే: ఆ దిశలో ఆపేదీ లేదు, తోసేదీ లేదు.

ఆవర్తన కాలం, అంటే ఒక చుట్టుకు పట్టే సమయం, మీరు సరిగ్గానే తీశారు, 0.328 మైక్రోసెకన్లు. అందులో వేగం గానీ కోణం గానీ కనిపించవు, గమనించారా? నాకు ఈ పాఠంలో అన్నిటికంటే నచ్చే విషయం ఇది. కణాలను గుండ్రంగా తిప్పుతూ వేగం పెంచే సైక్లోట్రాన్ అనే యంత్రం పనిచేసేది దీని ఆధారంగానే. దాన్ని కనిపెట్టినందుకే భౌతిక శాస్త్రవేత్త ఎర్నెస్ట్ లారెన్స్‌కు 1939లో నోబెల్ వచ్చింది.

ఇక పిచ్ సంగతి. 1.73 లక్షలను ఆ కాలంతో గుణించండి, 5.7 సెం.మీ. వస్తుంది. పరీక్షలో సరిచూసుకోవాలంటే పిచ్‌ను వ్యాసార్థంతో భాగించండి. 2π × కాట్ 30, అంటే సుమారు 10.9 రావాలి.