ముక్కులోంచి కారేదంతా జలుబు కాదమ్మా

ప్రశ్న: డాక్టరు గారూ నమస్తే, మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. పది రోజుల కిందట మా తమ్ముడు బండి మీంచి పడ్డాడు, హెల్మెట్ లేదు, నుదురు రోడ్డుకి కొట్టుకుని రెండు కళ్ళ చుట్టూ నల్లగా కమిలిపోయింది. ఆస్పత్రిలో మూడ్రోజులుంచి పంపేశారు. ఇంటికొచ్చిన మర్నాటి నుంచీ కుడి ముక్కులోంచి నీళ్ళు, వంగితే టపటపా పడిపోతున్నాయి, గొంతులో ఉప్పగా తగుల్తోందంటాడు. జలుబు మాత్రలకి తగ్గట్లేదు, అమ్మ ఆవిరి పట్టమంటోంది. ఏటి చెయ్యమంటారు?
– ఓ అక్క

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివిన వెంటనే ఫోన్ చేసి చెప్పాను, ఇలాంటి ఇంకో ఇంట్లో కూడా జలుబే అనుకుని ఊరుకుంటారేమోనని మళ్ళీ ఇక్కడ రాస్తున్నా. అది మెదడు చుట్టూ ఉండే నీరు కావచ్చు. ముక్కు పైన పుర్రె ఎముక చాలా పల్చన, అక్కడ చిట్లి లోపలి పొర చిరిగితే నీరు ముక్కులోకి దిగుతుంది. జలుబు చీమిడైతే రుమాలు ఆరాక అట్టలా గట్టిపడుతుంది, ఈ నీరు ఆరితే గుడ్డ మెత్తగానే ఉంటుంది, కాకపోతే దీన్నిబట్టి ఇంట్లోనే తేల్చేసుకోవద్దు. కారే నీటిని శుభ్రమైన చిన్న సీసాలో పట్టి తీసుకెళ్ళండి, బీటా 2 ట్రాన్స్‌ఫెరిన్ అనే పరీక్షలో తెలిసిపోతుంది. పుర్రె అడుగుభాగానికి సన్నసన్న పొరలుగా సీటీ స్కాన్ తీస్తే చిట్లిన చోటు కనిపిస్తుంది.

నీరు పోతోందని భయపడకండి, ఒంట్లో రోజుకి అర లీటరు దాకా కొత్తది ఊరుతూనే ఉంటుంది. నా భయమల్లా ఆ దారినే ముక్కులోని క్రిములు పైకెక్కి మెదడు పొరలు వాచిపోతాయని. అందుకే ముక్కు చీదొద్దు, చుక్కలు వెయ్యొద్దు, దూది కుక్కొద్దు, తుమ్మొస్తే ఆపకుండా నోరు తెరిచి తుమ్మాలి. అమ్మగారికి నచ్చజెప్పి ఆవిరి మానిపించండి. తల వైపు ఎత్తుగా పెట్టి పడుకోబెట్టండి, బరువులు ఎత్తనివ్వద్దు, విరేచనానికి ముక్కకుండా డాక్టర్నడిగి మందు ఇప్పించండి, చుట్టో బీడీయో కాలుస్తాడా, మాన్పించండి, దగ్గితే లోపల ఒత్తిడి పెరుగుతుంది.

దెబ్బతో వచ్చినవి ఎక్కువ శాతం ఇలా కదలకుండా ఉంటే వారం పది రోజుల్లో వాటంతటవే మూసుకుంటాయి. మూసుకోకపోతే నడుములోంచి సన్నటి గొట్టం పెట్టి కొన్నాళ్ళు నీరు తీస్తారు, అదీ ఆస్పత్రిలోనే. అప్పటికీ ఆగకపోతే ముక్కులోంచే ఎండోస్కోపుతో (కెమెరా ఉన్న సన్నటి గొట్టం) వెళ్ళి తొడ నుంచి తీసిన పొరతోనో ముక్కు లోపలి పొరతోనో అతుకు వేస్తారు, చాలామందికి పుర్రె తెరవక్కర్లేదు. ముందుజాగ్రత్తకి యాంటీబయాటిక్ వాడితే మెదడు పొరల వాపు రాదనడానికి గట్టి రుజువు లేదు కాబట్టి షాపులో కొని మింగించొద్దు, మెదడు పొరల వాపు తెచ్చే ఓ క్రిమిని అడ్డుకునే న్యూమోకోకల్ టీకా సంగతి మాత్రం డాక్టర్నడగండి.

మీ వాడికి దాదాపు వారం అయిపోతోంది కాబట్టి ఇంక ఇంట్లో ఉంచకండి, పాత స్కాన్ ఫిల్ములూ ఆరోగ్యశ్రీ (ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డూ పట్టుకుని న్యూరోసర్జన్ (మెదడు ఆపరేషన్లు చేసే డాక్టరు) ఉన్న చోటికి, మీకైతే విశాఖ కేజీహెచ్ పెద్దాస్పత్రికి, ఇవాళే బయల్దేరండి. జ్వరం, మెడ బిగుసుకుపోవడం, వాంతులు, మగత, వెలుతురు చూళ్ళేకపోవడం, వీటిలో ఏదున్నా అర్ధరాత్రయినా 108కి ఫోన్ చెయ్యండి.