వైస్ అంటే వ్యసనమేనా?

సందేహం: ఇంగ్లీషులో 'వైస్' అంటే చెడ్డ అలవాటు అని చదివాను. మరి వైస్ ప్రెసిడెంట్, వైస్ ఛాన్సలర్ లాంటి పెద్ద హోదాల్లోకి ఆ మాట ఎలా వచ్చింది? దాన్ని తెలుగులో దురలవాటు అనాలా, వ్యసనం అనాలా?

సమాధానం: హోదాల ముందుండే వైస్ వేరే మాట. 'బదులుగా' అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. వైస్ వెర్సాలో ఉన్నదీ అదే. చెడు అనే అర్థమిచ్చే వైస్‌కు మూలం 'విటియం', అంటే లోపం, దోషం. పలుకులో కలిసిపోయాయే తప్ప వాటికి చుట్టరికం లేదు.

అసలు చిక్కు మీ రెండో ప్రశ్నలో ఉంది. గోళ్లు కొరకడం చెడ్డ అలవాటే, కానీ దాన్ని ఎవరూ వైస్‌గా లెక్కకట్టరు. నీతికి సంబంధించిన తప్పు అనే తీర్పు ఆ మాటలో ఉంది. పైగా వైస్ అలవాటే కానక్కర్లేదు. అసూయ, క్రూరత్వం కూడా వైస్‌లే. 'అసూయ అతని వ్యసనం' అని రాసి చూడండి, అతకదు. అక్కడ దుర్గుణం అనాల్సిందే.

వ్యసనం కథ ఇంకా పెద్దది. సంస్కృతంలో దానికి ఆపద, నాశనం అనే అర్థాలూ ఉన్నాయి. పాత తెలుగులో 'వ్యసనపడకు' అంటే దిగులుపడకు అని. రాజులకు చెప్పిన సప్తవ్యసనాల్లో జూదం, తాగుడు, వేట, స్త్రీలోలత్వంతో పాటు పరుషంగా మాట్లాడడం, కఠినంగా శిక్షించడం, డబ్బు దుబారా చేయడం కూడా ఉన్నాయి. మనుస్మృతి లెక్కలో వ్యసనాలు మొత్తం 18. కామం వల్ల పుట్టేవి 10, కోపం వల్ల పుట్టేవి 8. ఆ వాడుకలో వ్యసనం వైస్‌కు చాలా దగ్గర. ఇవాళ నోటిదురుసును వ్యసనం అనేవారు కనబడరు. మానాలనుకున్నా మానలేని అలవాటుకే ఆ పేరు మిగిలింది. అది ఇంగ్లీషు అడిక్షన్‌కు సరిగ్గా సరిపోతుంది. అందుకే అనువాదాల్లో వైస్ కనబడగానే వ్యసనం అని పెట్టేయడం నాకు నచ్చదు. సరదాకి ఎప్పుడో పేకాడేవాడిని వ్యసనపరుడంటే అతనికి అన్యాయం చేసినట్టే.

'అతనికి ఏ వైసూ లేదు' అన్నచోట మాత్రం 'చెడ్డ అలవాట్లేవీ లేవు' అంటే చాలు. పెళ్లి మాటల్లో ఆ మాట వినగానే తాగుడు, సిగరెట్, పేకాట అనే అందరికీ తోస్తుంది, గోళ్లు కొరకడం ఎవరికీ గుర్తురాదు.