పాత క్యాంపర్ వ్యాన్: ముందు ఆ వాసన సంగతి తేల్చుకోండన్నా

అన్నా, తిరుపతిలో టెంపో ట్రావెలర్‌ను ఇల్లులా మార్చిన పాత బండి దొరికిందనీ, ఇంజిన్ బాగుంది గానీ లోపల ముక్కిన వాసన వస్తోందనీ, కొనాలా వద్దా అనీ అడిగారు కదా. ఆ వాసనను తేలిగ్గా తీసుకోకండి, నీళ్ళు లోపలికి కారుతున్నాయేమో. చెప్పులు విప్పి లోపల నడవండి. ఎక్కడైనా అడుగు మెత్తగా దిగితే కింద ప్లైవుడ్ కుళ్ళినట్టే. టాప్ మీద ఫ్యాన్ బిగించిన చోట, కిటికీ మూలల్లో బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. నేను కొన్న బండిలో మరకల మీద కొత్త షీటు అంటించి అమ్మారు. నవంబరు వానకి అర్ధరాత్రి పరుపు తడిసి ముద్దయింది, పిల్లల్ని ఎత్తుకుని సీట్లలో కూర్చున్నాం. అందుకే టాప్ మీద పైపుతో 15 నిమిషాలు నీళ్ళు పట్టించి, లోపల టార్చ్ వేసి చూడండి. ఓనరు ఒప్పుకోకపోతే వదిలేయండి.

ఆర్సీలో బాడీ టైపు, సీట్ల సంఖ్య బండితో సరిపోవాలి. తేడా ఉంటే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర టెన్షన్. బండి మీ పేరుకి మారడానికి ఫారం 29, 30 మీద సంతకాలు, లోన్ ఉంటే అది తీరిందని చూపే ఫారం 35 కూడా తీసుకోండి.

మొదటి ట్రిప్పుకి ఘాట్ రోడ్డు వద్దన్నా, కాణిపాకం దాకా వెళ్ళి రండి. బయల్దేరే ముందు గ్యాస్ సిలిండర్ వాల్వ్ కట్టేయడం మర్చిపోవద్దు.