బడికి అతిథిని పిలిచేముందు

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మాది నరసాపురం దగ్గర పల్లెలో గుర్తింపు పొందిన ప్రైవేటు ప్రాథమిక పాఠశాల. నాలుగో తరగతికి వారానికొక పీరియడు మతాల గురించి, పండుగల గురించి చెబుతున్నాను. అంతర్వేది తీర్థం, రంజాను అయ్యాయి. క్రైస్తవం గురించి చెప్పడానికి బయటినుంచి ఒకరిని పిలుద్దామంటే, ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు "మా పిల్లల్ని మతం మార్చడానికా?" అని అడిగారు. పిలవవచ్చా? పిలిస్తే ఎవరిని పిలవాలి?
— ఒక ఉపాధ్యాయురాలు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, తప్పకుండా పిలవవచ్చు. అడిగిన తల్లిదండ్రుల మీద మాత్రం నొచ్చుకోకండి. తమ తొమ్మిదేళ్ల బిడ్డకు కొత్త మనిషి ఏం చెప్పబోతున్నారో తెలుసుకోవడం వారి హక్కు. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధ కూడదు. ప్రభుత్వ గుర్తింపు పొందిన మీవంటి బడిలో పిల్లలను మతబోధకో ఆరాధనకో కూర్చోబెట్టాలంటే సంరక్షకుల సమ్మతి ఉండి తీరాలి. మతాల గురించి తెలియజెప్పడం వేరు, మతబోధ వేరు అన్న తేడాను సుప్రీంకోర్టు 2002లో పాఠ్యప్రణాళికపై ఇచ్చిన తీర్పులో గుర్తించింది. మీది మొదటి కోవకు చెందిన పాఠమే అయినా, ఎవరు వస్తున్నారో, ఏం మాట్లాడతారో రాసి ముందే ఇళ్లకు చీటీ పంపి సంతకాలు తెప్పించుకోండి.

ఇక ఎవరిని పిలవాలన్నది. నేను ప్రధానోపాధ్యాయుడిగా ఉన్న రోజుల్లో డిసెంబరులో ఒక పాస్టరుగారిని పిలిచాను. ఎంతో చక్కగా మాట్లాడిన ఆయన చివర్లో, అలవాటు కొద్దీ, "కళ్లు మూసుకోండి, ప్రార్థన చేద్దాం" అన్నారు. పిల్లలందరూ బుద్ధిగా చేతులు జోడించారు. మర్నాడు ఒక నాయనమ్మగారు వచ్చి, కోపమేమీ లేకుండా, "మావాడు నిన్న ఏ దేవుడికి దండం పెట్టాడో వాడికే తెలియట్లేదండీ" అన్నారు. తప్పు ఆయనది కాదు, ముందుగా చెప్పుకోని నాది. సువార్త చెప్పడం పాస్టరుగారి ధర్మం; దాన్ని పక్కన పెట్టి మాట్లాడమంటే ఆయనకూ ఇబ్బందే.

అందుకే, చర్చికి వెళ్లే ఒక మామూలు మనిషిని, ఊళ్లో అందరికీ తెలిసిన నర్సమ్మనో, లేసు అల్లే పెద్దావిడనో పిలవమంటాను. లేసు అనడానికి కారణముంది. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్‌ల పనితోనే మీ ప్రాంతంలో గోదావరి డెల్టా మిషన్ మొదలైంది. ఆ శతాబ్దంలోనే మిషనరీల ద్వారా ఇక్కడి ఆడవాళ్ల చేతికొచ్చిన లేసు అల్లిక 2024లో భౌగోళిక గుర్తింపు పొందింది. ఇవాళ ఆ సూది పట్టని కులం, మతం మీ ఊళ్లలో లేదు. అరుగు మీద అమ్మ చేతిలో రోజూ చూసే దారపు పువ్వు దగ్గర మొదలుపెడితే, పిల్లలకు ఈ మతం ఎక్కడిదో పరాయిదిగా తోచదు. ఆవిడ తన బైబిలును, చదివి చదివి అంచులు నలిగిన దాన్నే, తెచ్చి చూపించమనండి. "మేము ఇలా నమ్ముతాం" అనాలే గాని "మీరు నమ్మాలి" అనకూడదని, కరపత్రాలు పంచకూడదని ముందే విన్నవించండి.

పిల్లల ప్రశ్నలు రెండు రోజుల ముందే రాయించి ఆవిడకు ఇవ్వండి. "ప్రసాదం ఎందుకు తీసుకోరు?" అని ఎవరో ఒకరు అడుగుతారు. దాన్ని కొట్టేయకండి. కొన్ని ఇళ్లవారు తీసుకోరు, కొన్ని ఇళ్లవారు తీసుకుంటారు. తమ ఇంట్లో ఎలాగో, ఎందుకో ఆవిడే చెబితే, వీధిలో ఆ మాట మీద జరిగే పోట్లాటలు కొన్నయినా తగ్గుతాయి.

మరొక్క మాట గట్టిగా చెబుతున్నాను. "మీలో క్రైస్తవులెవరో చేతులెత్తండి" అని ఎప్పుడూ అడగకండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు గాని క్రైస్తవులను చేర్చలేదు. ఆదివారం చర్చికి వెళ్లే కొన్ని కుటుంబాల కాగితాల్లో మతం వేరుగా ఉండటానికి ఇదొక కారణం. పిల్ల అమాయకంగా చెయ్యెత్తితే ఆ చిక్కు ఇంటికి చుట్టుకుంటుంది.

ఆ పీరియడంతా మీరు తరగతిలోనే ఉండండి. ప్రార్థన మాట వస్తే, "మీరు చర్చిలో ఎలా చేస్తారో చెప్పండమ్మా, చాలు" అని మీరే మర్యాదగా అందుకోండి.