మెనూలో 14, జేబులోంచి 18

డాలస్ వచ్చి మూడు వారాలైన ఒక తమ్ముడు మూడు సందేహాలు పంపాడు. శుక్రవారం టీమ్ అంతా లంచ్‌కి వెళ్తున్నారట. టిప్పు ఎంత ఇవ్వాలి, అసలు ఇవ్వకపోతే ఏమవుతుంది అన్నది మొదటిది. క్రెడిట్ కార్డు ఎప్పుడొస్తుంది, సెకండ్ హ్యాండ్ కారు కొనొచ్చా అన్నవి మిగతా రెండు. ఆ రెంటికీ మీ ఆఫీసులో ఎవరైనా జవాబు చెబుతారు. మొదటిదానికి మాత్రం దెబ్బ తిన్నవాడే చెప్పాలి, అందుకని నేను చెబుతున్నాను.

తమ్ముడూ, నేను 2006లో డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో దిగాను. రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో నలుగురం ఉండేవాళ్లం. పాలు, గుడ్లు, సోనామసూరి బస్తా, అన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసి నెలాఖరున నాలుగు భాగాలు వేసుకునేవాళ్లం. డాలరు అప్పుడు 45 రూపాయల దగ్గర ఉండేది. ఏది కొన్నా మనసులో 45తో గుణించకుండా చెయ్యి జేబులోకి పోయేది కాదు. మీ బ్యాచ్ వాళ్లు వచ్చిన వారానికే కాఫీకి ఆరు డాలర్లు పెడుతున్నారు, అది వేరే కథ.

మొదటి జీతం పడ్డాక నలుగురం ఒక అమెరికన్ హోటల్‌కి వెళ్లాం. డబ్బు మిగులుతుందని కూల్‌డ్రింకులు మానేసి మంచినీళ్లే అడిగాం. మాకు వడ్డించిన అమ్మాయి గ్లాసు సగమైతే చాలు వచ్చి నింపేది. మాలో ఒకడు బీఫ్ తినడు, ఇంకొకడు గుడ్డు కూడా తినడు, మెనూలో ప్రతి వంటకంలో ఏముందో ఓపిగ్గా చెప్పింది. బిల్లు నల్ల అట్టలో పెట్టి తెచ్చింది. 46 డాలర్ల 70 సెంట్లు. మేము 47 పెట్టాం. 30 సెంట్ల చిల్లర తెచ్చి ఇచ్చింది. పాతిక బిళ్ల ఒకటి, ఐదు సెంట్ల బిళ్ల ఒకటి. వాటిని ఆ అట్ట మీదే వదిలేసి, దర్జాగా లేచి బయటికి వచ్చాం.

కారు తలుపు తీస్తుంటే వెనకాల ఆ అమ్మాయి గబగబా నడుచుకుంటూ వచ్చింది. "మీ చిల్లర మర్చిపోయారు" అని నా అరచేతిలో ఆ రెండు బిళ్లలూ పెట్టింది. నేను థాంక్యూ అని నవ్వి జేబులో వేసుకున్నాను.

ఆ రాత్రి కాలింగ్ కార్డు గీకి మా నాన్నకి ఫోన్ చేసి మరీ చెప్పాను, ఇక్కడివాళ్లు ఎంత నిజాయితీపరులో, 30 సెంట్ల కోసం పార్కింగ్ దాకా వచ్చి ఇచ్చి వెళ్లారు అని. ఆయన ఇప్పటికీ ఊళ్లో అమెరికా మాట వస్తే ఆ ముచ్చటే చెబుతారు. నేను సరిదిద్దలేదు.

నాకు అసలు విషయం తెలిసింది మూడు వారాల తర్వాత. ఆఫీసులో గుంటూరు వైపు అక్క ఒకావిడ, నాకన్నా ఎనిమిదేళ్లు ముందొచ్చింది, డబ్బా విప్పి తింటుంటే ఈ కథ ఆవిడకీ గొప్పగా చెప్పాను. ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "టిప్పు ఎంతిచ్చారు?" అంది. అదే 30 సెంట్లు అన్నాను. "బాబూ, ఆ పిల్ల నీకు చిల్లర ఇవ్వలేదు, మొహాన కొట్టింది" అంది. ఆ తర్వాత ఏడాది దాకా ఆ హోటల్ ఉన్న రోడ్డు వైపు కారు తిప్పలేదు నేను.

ఆవిడే లెక్క కూడా చెప్పింది. టెక్సాస్‌లో వడ్డించేవాళ్లకి యజమాని గంటకి 2 డాలర్ల 13 సెంట్లు ఇస్తే చట్టం ఒప్పుకుంటుంది. ఆ అంకె 1991లో పెట్టింది, ఇవాళ్టికీ అదే. టిప్పులు కలిపినా మామూలు కనీస వేతనం (ఇప్పుడు 7 డాలర్ల 25 సెంట్లు) రాకపోతే తేడా యజమాని భర్తీ చేయాలి. కాలిఫోర్నియా, వాషింగ్టన్ లాంటి రాష్ట్రాల్లో ఈ తక్కువ జీతం పద్ధతి లేదు, అయినా అక్కడా టిప్పు ఇస్తూనే ఉంటారు. మిగతా రూల్స్ కార్మిక శాఖ వెబ్‌సైట్‌లో ఉంటాయి, చూసుకో. నీకు కావలసింది ఒక్కటే: మన దగ్గర సోంపు గిన్నెలో పది రూపాయలు వేయడం మన ఇష్టం, వేయకపోతే సర్వర్ జీతం సర్వర్‌కి వస్తుంది. ఇక్కడ ఆ జీతమే నీ జేబులోంచి పోవాలి. పైగా చాలా చోట్ల ఆ అమ్మాయి తన టిప్పులోంచి బల్లలు తుడిచేవాళ్లకీ కొంత పంచాలి.

కాబట్టి మెనూలో ధర చూసి మోసపోకు. మెనూలో 14 డాలర్లు అని ఉందనుకో. డాలస్‌లో అమ్మకం పన్ను 8.25 శాతం, అంటే 1 డాలర్ 16 సెంట్లు. టిప్పు 20 శాతం, 2 డాలర్ల 80 సెంట్లు. మొత్తం దాదాపు 18. మా రోజుల్లో 15 శాతం ఇస్తే మర్యాదే, ఇప్పుడు 18 నుంచి 20 అయింది. పన్ను కలపక ముందున్న మొత్తం మీద లెక్కేసుకో, పన్ను మీద టిప్పు ఇవ్వక్కర్లేదు. తల గోక్కోకుండా చేసే చిట్కా ఒకటుంది. డాలస్‌లో బిల్లు మీద పన్ను ఎంతుందో చూసి రెండింతలు చేసి కాస్త పైకి సర్దితే సరిపోతుంది. వారానికి రెండుసార్లు బయట తింటే ఆ అదనపు నాలుగు డాలర్లే నెలకి 32 అవుతాయి. అందులో 20 పౌండ్ల బియ్యం బస్తా వచ్చేస్తుంది. నేను పిసినారినని మా ఆవిడ అంటుంది. అననీ, ఈ పిసినారితనంతోనే చదువు అప్పు తీర్చి ఇల్లు కొన్నాను.

ఒకటి మాత్రం గుర్తుపెట్టుకో. డబ్బు మిగల్చాలంటే బయట తినడం మానెయ్, పార్సిల్ తెచ్చుకో, పప్పుచారు పెట్టుకో. కూర్చుని తిని టిప్పు దగ్గర మిగల్చకు.

ఇక రెండో తప్పు, ఇది నాకే ఎక్కువ మండింది. 2008లో పెళ్లి కుదిరిందని ఎనిమిది మందికి పార్టీ ఇచ్చాను. 240 డాలర్లు అయింది. బిల్లు చివర్లో గ్రాట్యుటీ 18 శాతం, 43 డాలర్ల 20 సెంట్లు అని ఉంది. గ్రాట్యుటీ అంటే మనకేం తెలుసు? మా నాన్న మాస్టారుగా రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు! ఇదేదో ఇక్కడి పన్ను కాబోలు అనుకుని, అప్పటికి నేను టిప్పులో పండిపోయాను కదా, కింద గీత మీద ఇంకో 36 డాలర్లు రాసి ఠీవిగా సంతకం పెట్టాను. ఆరుగురో ఎనిమిది మందో దాటితే చాలా హోటళ్లు టిప్పు వాళ్లే కలిపేస్తాయని తర్వాత తెలిసింది. ఆ 36 డాలర్లని రూపాయల్లోకి మార్చుకుంటూ ఆ రాత్రి ఎన్నిసార్లు లేచానో. శుక్రవారం మీరు ఎంతమంది వెళ్తున్నారో తెలీదు గానీ, బిల్లు రాగానే గ్రాట్యుటీ, సర్వీస్ ఛార్జ్ అన్న మాటలు ఉన్నాయేమో వేలు పెట్టి చదువు. ఉంటే ఇంకేం రాయక్కర్లేదు.

కార్డుతో కడితే రెండు కాగితాలు ఇస్తారు. హోటల్ వాళ్లది అని ఉన్నదాని మీద టిప్పు గీత, మొత్తం గీత రెండూ నింపి సంతకం పెట్టు. ఖాళీగా వదలకు. టిప్పు నోట్ల రూపంలో బల్ల మీద పెడితే ఆ గీత మీద క్యాష్ అని రాసెయ్. బ్యాంకు యాప్‌లో ముందు టిప్పు లేని మొత్తం కనబడి, ఒకటి రెండు రోజుల తర్వాత పెరుగుతుంది. మా ఆవిడ కొత్తలో అది చూసి ఎవరో కార్డు కొట్టేశారని టెన్షన్ పడి బ్యాంకుకి ఫోన్ చేసింది.

మన హోటల్ కదా, మనవాడే కదా అని టిప్పు ఎగ్గొట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఉల్లిపాయ ఇంకోసారి, నిమ్మకాయ ఇంకోసారి, సాలన్ మూడుసార్లు అడుగుతారు. ఆరుగురికి ఆరు బిల్లులు విడివిడిగా కొట్టించుకుంటారు. లేచేటప్పుడు బల్ల మీద టిష్యూలు తప్ప ఏమీ ఉండవు. అక్కడా అదే లెక్క. బఫే అయితే మనమే వడ్డించుకుంటాం కాబట్టి 10 శాతం చాలు.

కౌంటర్ దగ్గర పార్సిల్ తీసుకునేటప్పుడు మాత్రం మొహమాటపడకు. స్క్రీన్ నీ వైపు తిప్పుతారు, 18, 20, 25 అని పెద్ద పెద్ద డబ్బాలు ఉంటాయి, నో టిప్ అన్నది కింద చిన్న అక్షరాల్లో. సమోసా సంచిలో వేసి ఇచ్చినందుకు 25 శాతమా? నేను నింపాదిగా నో టిప్ నొక్కుతాను. మా అమ్మాయి మాత్రం సిగ్గుతో రెండడుగులు వెనక్కి జరిగి నిలబడుతుంది. దానికి డబ్బు విలువ తెలియాలంటే ఇంకా పదేళ్లు పడుతుంది. పిజ్జా ఇంటికి తెచ్చే కుర్రాడికి మాత్రం నాలుగైదు డాలర్లు ఇవ్వు. బిల్లులో డెలివరీ ఫీజు అని ఉన్నది అతనిదే అనుకోకు, చాలా చోట్ల అది కంపెనీ ఉంచుకుంటుంది.

శుక్రవారం సంగతి. మేనేజర్ కడతాడా, ఎవరిది వాళ్లు కట్టాలా అని ముందే పక్క సీటువాణ్ణి అడుగు, ఇందులో తప్పేం లేదు. ఎవరిది వాళ్లైతే ఆర్డర్ ఇచ్చేటప్పుడే సెపరేట్ చెక్, అంటే విడి బిల్లు, అని చెప్పు, బిల్లు వచ్చాక చెబితే ఆ అమ్మాయికి పని రెట్టింపు. ఎలాగైనా జేబులో ఒక డాలరు నోట్లు ఐదు ఉంచుకో. ఇంటికొచ్చాక ఖర్చు రాసుకునేటప్పుడు తిండికి ఒక గడి, టిప్పుకి ఒక గడి పెట్టు. నా నోట్‌బుక్‌లో ఇప్పటికీ అలాగే ఉంటాయి.