తాతగారి హెచ్‌ఎంటీ జనతా కీ వాచీ మాటిమాటికీ ఆగిపోతోంది, లోపం ఎలా కనిపెట్టాలి?

పర్లాకిమిడి నుంచి అడిగారు కదా: తాతగారి హెచ్‌ఎంటీ జనతా కీ ఇస్తే నడుస్తోంది, కొన్ని గంటలకి ఆగిపోతోంది, ఊపితే మళ్లీ కదులుతోంది, షాపాయనేమో "మెషిన్ తీసేసి బ్యాటరీది వేసేద్దాం" అంటున్నాడు అని. ఆ బ్యాటరీ పనికి మాత్రం అస్సలు ఒప్పుకోకండి. ఊపితే కదులుతోందంటే పెద్దగా ఏమీ విరిగి ఉండకపోవచ్చు. ఇలాంటివి ఎక్కువగా పాత నూనె ఎండిపోయో, దుమ్ము చేరో ఆగుతుంటాయి.

నేను బరంపురంలో ఉంటాను, పాత కీ వాచీలు తెచ్చుకుని బాగుచేసుకోవడం నాకో పిచ్చి. ఎవరు వాచీ పట్టుకొచ్చినా నేను ముందు అడిగేది, ఆగినప్పుడు ముళ్లు ఎక్కడున్నాయి, వాచీ ఎలా పెట్టి ఉంది అని. ఎవరికీ తెలీదు, ఎందుకంటే ఆగిందని చూడగానే అందరూ చేసే పని దాన్ని ఊపడమే. మీరు ఊపకండి. ఆగిన టైము, ఏ వైపు పెట్టి ఉంది, కీ ఇచ్చి ఎంతసేపైంది, ఇవి ఫోన్‌లో రాసుకోండి, కొద్దిరోజుల్లో సగం సంగతి దానంతటదే తేలిపోతుంది.

కీ సంగతి ముందు తేల్చుకోండి. "ఎక్కువ కీ ఇస్తే స్ప్రింగు తెగుతుంది" అని ఇళ్లలో పెద్దవాళ్లు అంటుంటారు, ఆ భయంతో సగం కీ ఇచ్చి, సగం రోజుకే ఆగిపోతే పాడైపోయిందనుకునేవాళ్లు బోలెడుమంది. రోజూ పొద్దున ఒకే టైముకి, గట్టిగా తగిలేదాకా తిప్పండి, తగిలాక బలవంతం చెయ్యకండి. అలా నిండా కీ ఇస్తే బాగున్న జనతా ఒక రోజు దాటి నడవాలి. ఎంత తిప్పినా ఎక్కడా తగలకుండా తిరుగుతూనే ఉంటే వాచీని నడిపే మెయిన్ స్ప్రింగు తెగిందనో, జారుతోందనో అర్థం. వేలు వదలగానే కీ గిర్రున వెనక్కి తిరిగితే లోపల దాన్ని పట్టి ఉంచే గొళ్లెం పోయింది.

ఇక రాసుకున్నది చూడండి. ఎప్పుడూ ఒక ముల్లు ఇంకోదాని మీదకి వచ్చేచోటే ఆగుతోందా? అయితే ముళ్లు ఒకదానికొకటి ఒరుసుకుంటున్నాయి. జనతాలో సెకన్ల ముల్లు కూడా నడిమధ్యలోనే ఉంటుంది కాబట్టి మూడూ ఒకదానిపై ఒకటి ఉంటాయి, ఒకటి కాస్త వంగినా చాలు. ఇది మెషిన్ విప్పకుండానే సరిచేసే పని. బోర్లా పెట్టినప్పుడు నడిచి వెల్లకిలా పెడితే ఆగుతోందా, లేక కీ కిందికి ఉండేలా నిలబెడితేనే ఆగుతోందా? అప్పుడు అనుమానం బ్యాలెన్స్ చక్రం, అంటే టిక్ టిక్ మంటూ అటూ ఇటూ ఊగే చక్రం, దాని ఇరుసు మీద. పొజిషన్‌తో, టైముతో సంబంధమే లేకుండా, ఓ రోజు నాలుగు గంటలకి, ఓ రోజు తొమ్మిది గంటలకి ఆగుతుంటే మురికీ ఎండిన నూనే. మీ వర్ణన చూస్తే నాకు ఇదే అనిపిస్తోంది.

వెనక మూత ఊడదీసి చూడాలని ఉంటే చూడండి, జనతాకి మామూలుగా నొక్కి బిగించే మూతే, అంచున సన్నటి సందు కనిపిస్తుంది. ఫ్యాన్ ఆపండి, తెల్లగుడ్డ పరవండి, వేళ్లతో లోపల దేన్నీ ముట్టుకోవద్దు. ఆగి ఉన్న వాచీని బల్ల మీదే గుండ్రంగా కొంచెం అటూ ఇటూ తిప్పండి. నిండా కీ ఉండి కూడా బ్యాలెన్స్ చక్రం నాలుగైదుసార్లు హాయిగా ఊగి సద్దుమణిగిందంటే చక్రం బాగానే ఉంది, స్ప్రింగు బలమే అక్కడిదాకా రావడం లేదు, అంటే దారిలో ఉన్న పళ్ల చక్రాలు మురికిపట్టాయి. అలా కాకుండా ఊగడానికే మొరాయిస్తే ఇరుసు వంగిందో, ఆ చక్రానికి ఉండే వెంట్రుకంత సన్నటి హెయిర్ స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకున్నాయో. భూతద్దంతో చూస్తే ఆ చుట్ల మధ్య ఎడం సమానంగా ఉండాలి, ఊపిరి తీస్తున్నట్టు మొత్తం తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండాలి. ఇరుసుల కొనలు తిరిగే చిన్న ఎర్రరాళ్ల చుట్టూ గోధుమరంగు జిడ్డు కనిపిస్తే ఇంకేం ఆలోచించక్కర్లేదు, అది ఎండిన నూనే.

కుట్టుమిషన్ నూనె మాత్రం చుక్క వెయ్యకండి. మురికి మీద నూనె పడితే పేస్టు అవుతుంది, హెయిర్ స్ప్రింగుకి తగిలితే చుట్లు అంటుకుని వాచీ గంటకి ఎన్నో నిమిషాలు ముందుకి పరిగెడుతుంది. వానాకాలంలో ఈ వాచీ పెట్టుకుని తడవకండి కూడా, కీ పక్కనుంచి తేమ దూరిపోతుంది, తుప్పు పట్టిందంటే అసలు ఖర్చు అప్పుడు మొదలవుతుంది.

మెకానిక్ దగ్గరికి వెళ్లినప్పుడు "పూర్తిగా విప్పి కడుగుతారా, మొత్తం మెషిన్ని అలాగే పెట్రోల్లో ముంచుతారా" అని అడగండి. రెండోది చెప్తే నవ్వుతూ వాచీ వెనక్కి తీసుకోండి. హెచ్‌ఎంటీ వాచీల విభాగాన్ని మూసేస్తున్నట్టు 2016లోనే ప్రకటించారు, సామాన్లు ఇప్పుడు ఇంకో పాత వాచీ నుంచి తీయాల్సిందే ఎక్కువగా. అందుకే ఏదైనా మారిస్తే పాత ముక్కలన్నీ కవర్లో వేసి ఇమ్మని పని మొదలవక ముందే చెప్పండి. అంతలోపు ఆగిన టైములు రాసి ఇక్కడ పెడితే, ముళ్లదో మురికిదో చెప్తాను.